చిరుగును చదవడం

ఇంట్లో బట్ట చిరిగిందని తెలియగానే చేతులు సూదీ దారం కోసం వెతుకుతాయి. కాని బాగుచేసే క్రమంలో సూది పట్టడం మూడో పని. ఆ బట్ట ఎందుకు చిరిగిందన్నది మొదటి ప్రశ్న, చిరిగిన చోటు చుట్టూ ఉన్న నేతలో ఇంకా ఎంత సత్తువ మిగిలిందన్నది రెండో ప్రశ్న. ఈ రెండూ తేలాక ఏ దారం వాడాలో, ఉత్త కుట్టుతో సరిపోతుందో, మాసిక వేయక తప్పదో దాదాపు వాటంతట అవే తేలిపోతాయి. మాసిక అంటే చిరుగును కప్పేలా అతికి కుట్టే గుడ్డముక్క. ఈ ప్రశ్నలను దాటవేసి గబగబా వేసిన కుట్టు ఎంత గట్టిదైనా, చాలాసార్లు ఆ గట్టితనం వల్లనే, నాలుగు ఉతుకులు తిరగకముందే తన పక్కన మరో చిరుగును పుట్టిస్తుంది.

ఈ అధ్యాయం ఆధారపడిన సూత్రం కూడా అదే: బాగుచేసిన చోటు తన చుట్టూ ఉన్న బట్ట కన్నా గట్టిగా ఉండకూడదు. మళ్ళీ చిరగకూడదనే కదా కుట్టేది, అలాంటప్పుడు ఈ మాట తలకిందులుగా తోస్తుంది. అయితే బట్ట మీద పడే లాగుడు ఒక్కచోట నిలిచేది కాదు, అది పోగుల వెంట పాకుతూ పోతుంది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చొక్కా భుజం మీద మందపాటి కొత్త గుడ్డను నైలాను దారంతో బిగించి కుడితే, ఆ లాగుడు సాగని మాసిక అంచు దగ్గర ఆగిపోయి అక్కడి అరిగిన పోగుల మీద పడుతుంది. కొద్దిరోజులకు మాసిక చెక్కుచెదరకుండా ఉండగానే దాని చుట్టూ గీత గీసినట్టు బట్ట తెగుతుంది. ఉతకని కొత్త గుడ్డయితే మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయి ఈ పని ఇంకా త్వరగా చేస్తుంది. పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే చిరుగు పెద్దదవుతుందన్న సంగతి మార్కు సువార్తలో ఉపమానంగా కనబడుతుందంటే, దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి శ్రోతలకు కూడా అది విడమరచి చెప్పనవసరంలేని ఇంటి అనుభవమే అయివుండాలి.

చిరుగు ఎక్కడిది?

“చిరిగింది” అన్న ఒక్క మాట కింద వాడుకలో నాలుగైదు వేరువేరు నష్టాలు కలిసిపోతాయి. కుట్టు ఊడటం వాటిలో అతి తేలిక, ఎందుకంటే అక్కడ తెగింది దారమే తప్ప బట్ట కాదు. పిగలడం అలా కాదు. కుట్టు నిలిచే ఉంటుంది గాని దాని పక్కన పోగులు లాగుడుకు పక్కకు జరిగి, దువ్వెన పళ్ళ మధ్య సందుల్లాగా కనబడతాయి, పట్టు జాకెట్ల చంక దగ్గర, వీపు దగ్గర తరచుగా జరిగేది ఇదే. పోగులు తెగినా ఒక్కటీ పోకుండా రెండు అంచులూ ఎదురెదురుగా మిగిలితే అది చిరుగు. పోగులు అరిగో, కాలో, పురుగు తినో మాయమైపోయి ఖాళీ మిగిలితే అది చిల్లు. చిరుగులో ఉన్నవాటిని దగ్గరకు చేరిస్తే చాలు, చిల్లులో లేనివాటిని కొత్తగా పెట్టాలి. ఈ తేడా గమనించక చిల్లు అంచులను బలవంతంగా దగ్గరకు లాగి కుట్టడం వల్లనే మోచేతి దగ్గర, మోకాలి దగ్గర బట్ట ముడతలు పడి సంచి మూతిలాగా తయారవుతుంది. వీటన్నిటికన్నా ముందు వచ్చే దశ అరుగుదల, అంటే వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వేళ్ళు కనబడేంతగా బట్ట పల్చబడటం. బాగుచేయడానికి అన్నిటికన్నా అనువైన సమయం ఇదే అయినా, ఇంకా చిరగలేదు కదా అన్న ధీమాతో దాదాపు అందరూ వదులుకునేదీ ఇదే.

కారణం కోసం దూరం వెళ్ళనక్కరలేదు, చిరిగిన చోటే చెబుతుంది. చీర కింది అంచు ముందువైపు పీచులు తేలుతుంటే అది మెట్టెల పని, వెనకవైపు నలిగివుంటే మడమ కింద పడటం వల్ల, భుజం దగ్గర సన్నని చిల్లులుంటే పిన్నీసు వల్ల. టీషర్టు పొట్ట దగ్గర ఆవగింజంత చిల్లులు వరసగా కనిపిస్తే పురుగును నిందించే ముందు వంటగట్టు అంచునూ ప్యాంటు లోహపు గుండీనీ అనుమానించడం మంచిది, ఆ రెండింటి మధ్య బట్ట రోజూ నలుగుతుంది. జీన్సు తొడల లోపలివైపు అరగడంలో బండి సీటుకు, జేబు అడుగు చిల్లుపడటంలో తాళంచెవులకు పెద్ద వాటా ఉంటుంది. ఇలా కారణాన్ని పట్టుకోవడం సరదా కోసం కాదు. జాకెట్టు బిగువు వల్ల పిగిలినప్పుడు ఆ పిగులును ఎంత నేర్పుగా కుట్టినా ప్రయోజనం ఉండదు. తెలుగునాట దర్జీలు జాకెట్టు పక్కల్లో ముందుచూపుతో గుడ్డ వదిలి రెండు మూడు వరసల కుట్లు వేసేది ఇందుకే కనుక, లోపలి వరస ఒకటి విప్పి వదులుచేసుకున్నాకే పిగిలిన చోటు జోలికి పోవాలి.

పడుగు, పేక, అల్లిక

మగ్గం మీద నిలువునా బిగించి కట్టే దారాలు పడుగు, వాటి మధ్య అటూ ఇటూ తిరిగే అడ్డదారాలు పేక. బట్ట పక్క అంచు ఎప్పుడూ పడుగు వెంటే నడుస్తుంది. అంచు లేని ముక్కలో తేడా తెలియాలంటే రెండు వైపులా పట్టి లాగి చూడాలి, సాధారణంగా తక్కువ సాగే దిక్కు పడుగుది. మగ్గం మీది బిగువును తట్టుకోవాలి గనుక పడుగు దారాన్ని ఎక్కువ పురిపెట్టి గట్టిగా తయారుచేస్తారు. ఈ రెండు దిక్కులకూ ఏటవాలుగా పట్టి లాగితే అదే బట్ట రబ్బరులాగా సాగుతుంది. మాసిక వేసేటప్పుడు దాని పడుగు బట్ట పడుగు వెంట, పేక పేక వెంట పడాలనే నియమానికి కారణం ఈ సాగుదలే. అడ్డదిడ్డంగా వేసిన మాసిక ఉతికిన తరువాత మెలిపడి, ఏం చేసినా చదునుగా కూర్చోదు.

ఈ జ్ఞానం ఎంత పనికి వస్తుందో జీన్సు మోకాలు చూపిస్తుంది. డెనిం గుడ్డలో పడుగు నీలిరంగు దారం, పేక తెల్లదారం. నేత ఏటవాలు గీతల్లో ఉండి పడుగు ఎక్కువగా పైకి తేలుతుంది కాబట్టి బట్ట పైకి నీలంగా, లోపలివైపు తెల్లగా కనబడుతుంది. మోకాలి దగ్గర ఒరిపిడికి ముందుగా తెగేది పైకి తేలిన నీలిదారమే, అందుకే చిరిగిన మోకాళ్ళ మీద అడ్డంగా తెల్లదారాలు నిచ్చెన మెట్లలాగా మిగులుతాయి. అంటే ఆ దశలో సగం నేత ఇంకా బతికే ఉంది. వేలాడుతున్నాయని ఆ తెల్లదారాలను కత్తిరించి పారేసేవారు సగం పని తామే పెంచుకుంటున్నారు. అవి ఉండగా నిలువునా నీలిదారం పోగులు ఒకటి విడిచి ఒకటి వాటి మీదుగా కిందుగా తోడుకుంటూ పోతే చాలు.

బనియన్లు, టీషర్టులు, మేజోళ్ళు నేసినవి కావు, అల్లినవి. వాటిలో పడుగు పేకలుండవు, ఒకే దారం ఉచ్చుల్లాంటి కొలికులుగా ఒకదానిలో ఒకటి దూరుతూ నడుస్తుంది. అందుకే ఒక్క కొలికి తెగితే చిల్లు కిందికి జారుతూ పోతుంది, అందుకే అల్లిక బట్టకు తిన్నగా బిగించి వేసిన కుట్టు, వేసుకునేటప్పుడు బట్ట సాగగానే పుటుక్కున తెగుతుంది. సన్నని సూదితో, లోపలివైపు నుంచి, చిల్లు చుట్టూ విడిపోయిన కొలికులను ఒక్కొక్కటిగా దారానికి ఎక్కించి మెల్లగా దగ్గరకు తీసి, ముడి వేసే ముందు ఆ చోటును రెండు చేతులతో ఒకసారి సాగదీసి, దారానికి ఆ మేరకు వదులు ఇచ్చాకే ముగించాలి.

బట్ట నూలుదా, పట్టుదా, పాలియెస్టరుదా అన్న అనుమానం ఉంటే లోపలి మడతలోంచి ఒక్క పోగు తీసి స్టీలు పళ్ళెం మీద, చిమటాతో పట్టుకుని కాల్చి చూడవచ్చు. నూలు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద మిగులుస్తుంది, పట్టు వెంట్రుకలు కాలిన కమురు వాసన కొడుతూ నలిపితే పొడి అయ్యే ఉండగా మారుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూసగా గడ్డకడుతుంది. రెండు రకాల పోగులు కలిపి నేసిన మిశ్రమ వస్త్రాలు ఈ పరీక్షలో రెండు లక్షణాలూ చూపించి తికమకపెడతాయి గనుక, అలాంటప్పుడు నూలు దారం వాడితే పొరపాటు జరిగినా నష్టం తక్కువ.

పనిముట్లు

వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చేతిసూదుల్లో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మిషను సూదుల్లో దానికి సరిగ్గా ఎదురు, 11 కన్నా 14, 14 కన్నా 16 లావు. ఈ రెండు లెక్కల తేడా తెలియక దుకాణంలో అడిగి తప్పు సూది తెచ్చుకునేవారు కొల్లలు. దారం మూరకు మించి తీసుకోకూడదు, ఎందుకంటే పొడుగు దారం బట్టలోంచి మాటిమాటికీ దూరుతూ నలిగి, చివరికొచ్చేసరికి చిక్కుపడుతుంది. తేనెమైనం ముక్క మీద, అది లేకపోతే కొవ్వొత్తి మీద, దారాన్ని ఒకసారి లాగితే చిక్కు చాలావరకు తగ్గుతుంది. రంగు కలపడంలో సందేహం వస్తే బట్ట కన్నా కొంచెం ముదురు రంగు దారం ఎంచుకోవాలి, రీలు మీద చుట్టలో ముదురుగా కనిపించే దారం విడిపోగుగా బట్ట మీద పడేసరికి లేతబడుతుంది. అన్నిటికన్నా సరిగ్గా కలిసే దారం మాత్రం దుకాణంలో దొరకదు, ఆ బట్ట లోపలే ఉంటుంది; చొక్కా కింది మడతలోనో, ప్యాంటు కాలు లోపల వదిలిన గుడ్డలోనో నాలుగు పోగులు తీస్తే రంగు, లావు, పాతదనం మూడూ ఒక్కసారే కలిసొస్తాయి.

ఒంటి మీద ఉన్న బట్టను కుట్టకూడదని, దీపాలు పెట్టాక సూది పట్టకూడదని, ఎవరికీ ఇవ్వకూడదని తెలుగు ఇళ్ళలో ఇప్పటికీ వినబడుతుంది. శకునాల మాట ఎలా ఉన్నా, ఈ నిషేధాలు పనికొచ్చేవే: ఒంటి మీది బట్ట సాగి ఉంటుంది గనుక కుట్టు కొలత తప్పుతుంది, సూది చర్మానికి గుచ్చుకుంటుంది, నల్లబట్ట మీద నల్లదారం పట్టపగటి కిటికీ వెలుతురులోనే సరిగా కనబడదు, చీకట్లో చేతులు మారిన సూది నేలన పడితే దొరకడం మర్నాడు ఎవరి కాలికో.

చిరుగును మూయడం

ముందుగా బట్టను ఉతికి ఆరబెట్టాలి. మురికిలో కుట్టిన కుట్టు ఉతికాక వదులవుతుంది లేదా బిగుసుకుంటుంది, పైగా ఉతకడానికి ముందు కనబడని పల్చని చోట్లు ఉతికాకే బయటపడతాయి. అయితే చిరుగు పెద్దదైతే ఉతుకు దాన్ని ఇంకా సాగదీస్తుంది కనుక, ఉతకబోయేముందు దూరం దూరంగా నాలుగు కచ్చాకుట్లు, అంటే తరువాత విప్పేయడానికి వేసే తాత్కాలికపు కుట్లు, వేసి అప్పుడు తడపాలి. చిరుగు అంచున పీచుల్లా తేలిన పోగులను కత్తిరించకూడదు. అవే రెండు అంచులనూ కలిపే జిగురు.

తిన్నని చిరుగుకు రెండు అంచులనూ ఎదురెదురుగా, ఒకదాని మీద మరొకటి ఎక్కకుండా చదునుగా పరచి, అటు ఒక కుట్టు ఇటు ఒక కుట్టుగా నిచ్చెన వేసినట్టు పోతూ, దారాన్ని నాలుగైదు కుట్లకొకసారి మాత్రమే, మూతపడేంత మేరకే లాగాలి. ప్రతి కుట్టూ చిరుగు అంచు నుంచి ఒకే దూరంలో పడితే ఆ వరసలోని పోగు మీదే భారమంతా పడి అది ఊడొస్తుంది, కనుక ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా, పళ్ళు వంకరగా ఉన్న రంపంలాగా వేయడం మంచిది. గొళ్ళేనికో మేకుకో పట్టుకుని చిరిగితే సాధారణంగా చిరుగు వడ్రంగి మూలమట్టం ఆకారంలో వస్తుంది, ఒక చేయి పడుగు వెంట, మరో చేయి పేక వెంట. దీన్ని ఒక చివరి నుంచి మొదలుపెట్టి కుట్టుకుంటూ వస్తే మూలకొచ్చేసరికి ఒకవైపు బట్ట మిగిలిపోతుంది. మూల దగ్గర మొదలుపెట్టి రెండు చేతుల చివరలకూ విడివిడిగా పోవడమే సరైన పద్ధతి.

చిల్లుకు చేసే పని వేరు, దానికి రఫూ అని పేరు. పారసీ నుంచి వచ్చి, హైదరాబాదులోనూ ఉత్తరాదిలోనూ స్థిరపడిన ఈ మాటకు అర్థం, పోయిన నేతను సూదితో తిరిగి నేయడం. చొక్కా మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత చిల్లు పడిందనుకుంటే, ఆ చోటు కింద బోర్లించిన స్టీలు గ్లాసు అడుగునో, మేజోడైతే టెన్నిసు బంతినో పెట్టి, బట్టను సాగదీయకుండా దాని మీద పరవాలి. దారం చివర ముడి వేయకూడదు, ముడి ఒంటికి గుచ్చుకోవడమే కాక ఇస్త్రీ చేసినప్పుడల్లా బట్టను కింద నుంచి అరగదీస్తుంది; రెండంగుళాల కొస వదిలేసి చివర్లో దాన్ని కుట్లలోకి దాచుకోవాలి. చిల్లుకు అర అంగుళం అవతల, వెలుతురుకు పట్టి చూసినప్పుడు బట్ట దట్టంగా కనిపించిన చోట మొదలుపెట్టి, పడుగు దిక్కులో బియ్యపుగింజ కన్నా చిన్న కుట్లతో ముందుకు పోవాలి. వరస చివర వెనక్కి తిరిగేటప్పుడు దారాన్ని బిగించకుండా ఆవగింజంత మెలిక వదలాలి, ఎందుకంటే ఉతికినప్పుడు దారం ముడుచుకుంటే ఆ మెలికే దానికి ఆసరా, అది లేకపోతే బట్ట ముడతపడుతుంది. వరసలన్నీ ఒకే గీతలో ఆగకుండా ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా ముగిస్తే భారం ఒక్క పోగు మీద పడదు. చిల్లు మీదికి వచ్చినప్పుడు దారం అటువైపు నుంచి ఇటువైపుకు వీణ తీగలాగా తిన్నగా పడాలి, కాని తీగలాగా బిగుసుకోకూడదు.

పడుగు వరసలు చిల్లును కప్పేశాక సూదిని అడ్డంగా తిప్పి పేక మొదలుపెట్టాలి. నులకమంచం అల్లేవాడి చేతిలాగా ఒక పోగు మీదుగా, ఒక పోగు కిందుగా, తరువాతి వరసలో కిందివి పైకీ పైవి కిందికీ మారుతూ సాగాలి. ఈ దశలో సూది మొన పోగును చీల్చి మధ్యలోంచి దూరిపోతుంటుంది, దానికి సులువైన ఉపాయం సూదిని తలకిందులు చేసి బెజ్జంవైపు నుంచి దూర్చడం. నాలుగు వరసలకొకసారి సూదిమొనతో వాటిని దగ్గరకు నెట్టితే నేత దట్టంగా కూర్చుంటుంది. మొదటిసారి చేసేవారికి రూపాయి బిళ్ళంత చిల్లుకు గంటకు పైగానే పట్టినా ఆశ్చర్యం లేదు. చివర్లో తడిగుడ్డ కప్పి ఇస్త్రీ చేశాక దాని అందం తెలుస్తుంది, అంతవరకు అది చూసేవారిని కొంత నిరుత్సాహపరుస్తుందన్నది మాత్రం ముందే చెప్పడం న్యాయం.

బిళ్ళ కన్నా పెద్ద చిల్లుకు రఫూ దండగ, మాసికే దారి. లోపలివైపు నుంచి వేసే మాసికకు అదే బట్ట ముక్కగాని, అంతే పాతబడిన, అంతకన్నా కొంచెం పల్చని గుడ్డగాని ఎంచుకుని, చిల్లు కన్నా కాదు, పల్చబడిన మేర కన్నా అన్ని వైపులా ముప్పావంగుళం పెద్దదిగా కత్తిరించి, మూలలను గుండ్రంగా తీయాలి. కోసుగా ఉన్న మూలలే ముందుగా లేచిపోతాయి. కాలర్ల లోపల వాడే అంటుకునే బక్రం ముక్కను ఇస్త్రీతో అతికించడం నేడు సులువుగా కనబడుతున్నా, అది బట్టను అట్టలాగా చేసి మొదట చెప్పిన సూత్రానికి అడ్డం వస్తుంది కాబట్టి మోకాలి వంటి వంగే చోట్ల వాడకపోవడమే మేలు. జేబు అడుగు వంటి కనిపించని, వంగని చోటుకు అది చాలు.

చీరలు, దుప్పట్లు

తెలుగు ఇంటి బట్టల్లో ఎక్కువ ఆలోచన కోరేది చీర, ఎందుకంటే ఒకే చీరలో రెండు రకాల దారం ఉండవచ్చు. గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండూ తడికి వేరువేరుగా స్పందిస్తాయి, కనుక కలిసేచోట వచ్చిన చిరుగును నూలువైపు నూలుతో, పట్టువైపు పట్టుతో వేరువేరుగా బాగుచేయాలి. పోచంపల్లి వంటి చిటికి నేతలో దారాలకు నేయకముందే ముడులు కట్టి రంగులద్దుతారు గనుక డిజైను రెండువైపులా ఒకేలా కనబడుతుంది, రంగుల అంచులు మాత్రం కొంచెం చెదిరినట్టుంటాయి. బాగుచేసేవారికి ఈ చెదురే వరం, దాని నీడలో రెండు ఛాయల దారం కలిపి వేసిన రఫూ దాదాపు కనిపించదు.

పాత పట్టుచీరలు మడతల వెంట వాటంతట అవే చీలుతుంటాయి. అక్కడ పోగు ఎండిపోయి పెళుసెక్కింది కనుక రఫూకు పట్టు దొరకదు, సూది గుచ్చిన ప్రతిచోటా మరో చీలిక మొదలవుతుంది. ఆ భాగం కింద అదే రంగు పల్చని పట్టుగుడ్డను పరిచి, చీలికకు దూరంగా, బట్ట ఇంకా గట్టిగా ఉన్నచోట మాత్రమే చిన్న చిన్న కుట్లతో పట్టించి, భారం కిందిగుడ్డ మీదికి మళ్ళించాలి. మూడు నాలుగు నెలలకొకసారి మడత మార్చి పెట్టే పాత అలవాటు ఈ పనంతటినీ వాయిదా వేస్తుంది. నూలుచీరలను గంజితో బీరువాలో దాచకూడదన్నదీ ఇలాంటిదే. గంజి పోగును పెళుసుగా చేస్తుంది, పైగా సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగుకు గంజి ఇష్టమైన ఆహారం. ఇక మెట్టెలు తినేసిన కింది అంచుకు ఫాలు మార్చడమే వైద్యం, కాకపోతే కొత్త ఫాలును ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే అది ముడుచుకుని చీర అంచును వెంట లాగుతుంది.

దుప్పటి సంగతి సులువు. అది నడుమే అరుగుతుంది, పక్కలు కొత్తగానే ఉంటాయి. అందుచేత దాన్ని నడిమికి నిలువునా రెండుగా కత్తిరించి, బయటి అంచులను లోపలికి తెచ్చి ఒకదాని మీద మరొకటి పావంగుళం ఎక్కించి చదునుగా కుట్టి, అరిగిన వైపులను పక్కలకు పంపి మడతపెట్టి కుడితే పరుపు కిందికి దోపే భాగానికి సరిపోతాయి. పంచెలకు, లుంగీలకు కూడా ఇదే కిటుకు పనిచేస్తుంది, ఇంట్లో కట్టుకోవడానికే అయినా.

కనబడే కుట్టు, సిగ్గు

మాసిక పేదరికానికి గుర్తన్న భావన బట్ట కొరత కాలంలో కొంతైనా సడలుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, బ్రిటన్‌లో ఉన్న బట్టతోనే సరిపెట్టుకుని బాగుచేసుకోమంటూ ప్రభుత్వమే ‘మేక్ డూ అండ్ మెండ్’ అనే చిన్నపుస్తకం అచ్చువేస్తే, అదే ఏడాది భారతదేశంలో నూలు, నూలుబట్టల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది, కంట్రోలు గుడ్డ అన్న మాట తెలుగువారి నోట నానింది. ఇప్పుడు మోకాళ్ళు చిరిగిన జీన్సును చిరగనిదాని కన్నా ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు గనుక, సిగ్గు చిరుగులో లేదని, ఎవరు చింపారన్నదానిలో ఉందని అనుకోవాలి. చిరిగిన చొక్కా తొడుక్కునైనా మంచి పుస్తకం కొనుక్కోమన్న మాట కందుకూరి వీరేశలింగం పేరిట తెలుగునాట బాగా ప్రచారంలో ఉంది. ఆ చొక్కా కుట్టుకోవద్దని మాత్రం అందులో ఎక్కడా లేదు.

మాసికను దాచలేనప్పుడు దాచినట్టు నటించడం కన్నా బాహాటంగా వేయడం చూపుకు బాగుంటుంది. జపాను గ్రామాల్లో నీలిబట్టను పొరలుగా పరిచి తెల్లదారంతో వరసలుగా కుట్టే సషికో, బెంగాలులో పాత చీరలను కలిపి కుట్టే కాంథా, రెండూ అవసరంలోంచి పుట్టి అలంకారమైనవే. తెలంగాణ లంబాడీ స్త్రీల దుస్తుల్లో రంగు గుడ్డముక్కల అతుకులు, అద్దాలు లేకుండా అందమే లేదు. పిల్లల ప్యాంటు మోకాలి మీద ఆకు ఆకారంలో వేసిన మాసికను పిల్లలు ఇష్టంగా తొడుక్కుంటారు, అదే రంగు కలవని చతురస్రపు ముక్క అయితే దాచుకుంటారు.

ఇంటి సూదికి లొంగనివీ ఉన్నాయి. జరీ తెగిన పట్టుకొంగు, ఉన్నిసూటు మీద సిగరెట్టు కాల్చిన చిల్లు, పష్మీనా శాలువ వంటివాటిని ఇంట్లో ముట్టుకోకుండా రఫూగరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాదు ఈ పనివారికి పేరుపడిన ఊరు. ఆ పని చేయించేముందు ఇంట్లో జిగురు పూయడం, ఇస్త్రీతో అతికించడం వంటివి చేసివుంటే నేర్పరి చేతికి కూడా పోగు దొరకదు.

నలుమూలలా పల్చబడి, సూది గుచ్చితేనే చీలే బట్టకు ఇక మాసికలు చాలించి బొంతలోకి పంపాలి. పాత చీరలను పొరలుగా పరిచి కుట్టే బొంతలో మెత్తని గట్టి చీరలు పైకీ కిందికీ వస్తాయి, చిరుగులున్నవి, మాసికలు పడినవి మధ్య పొరల్లోకి పోతాయి, ఎందుకంటే అక్కడ వాటిని లాగేది ఏమీ ఉండదు. పరిచేముందు గుండీలు, హుక్కులు, ఫాలు, ముడులు తీసేయాలి, లావుపాటి కుట్ల మడతలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూడాలి. పొరలు నాలుగైదు దాటితే మామూలు సూది వంగిపోతుంది కనుక దబ్బనం పట్టాలి.